పాత ఇళ్లలో ఆస్బెస్టాస్ పైపులు: కోసే ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఆడికృత్తిక దగ్గరపడితే తిరుత్తణిలో ఇళ్లకు మరమ్మతులు మొదలవుతాయి. కావడితో వచ్చే బంధువులకు చోటు కావాలి, గోడలకు సున్నం వేయాలి, కారే పైపు మార్చాలి. తిరువళ్లూరులో అయితే పాత మిద్దె మీద ఇంకో అంతస్తు లేపే పనులు ఏడాది పొడుగునా సాగుతూనే ఉంటాయి. ఈ పనుల్లో మన పెద్దలు పెట్టించిన బూడిద రంగు సిమెంటు పైపు అడ్డం వస్తుంది. ప్లంబరు కటింగ్ మిషనుతో దాన్ని కోసి పారేస్తాడు.

మేమూ అలాగే చేయించాము. నాలుగేళ్ల క్రితం సంఘం గది పెరట్లో వాన నీటి పైపు పగిలితే, ప్లంబరు వెంట వచ్చిన కుర్రవాడు అరగంటలో దాన్ని ముక్కలు చేశాడు. దుమ్ము మెట్ల మీద పిండిలా పడింది. పనామె చీపురుతో ఊడ్చి చెత్తలో కలిపింది. పక్కనే కుర్చీ వేసుకుని చందాల లెక్క రాస్తూ కూర్చున్నది మేమే. ఆ దుమ్ము సంగతి తర్వాత తెలిసింది. మన ఇళ్లలో మళ్లీ అలా జరగకూడదని ఇది రాస్తున్నాము.

ఆ పైపు ఎక్కడిది

తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ తరువాతి ముప్పై ఏళ్లలో కట్టిన ఇళ్లే ఇక్కడ ముఖ్యం. అప్పట్లో ఇనుప పైపు ఖరీదు, తుప్పు కూడా పడుతుంది. ప్లాస్టిక్ పైపు ఇంకా ఇంటింటికీ రాలేదు. సిమెంటులో ఆస్బెస్టాస్ నార కలిపి చేసిన ఏసీ పైపు చవక. మిద్దె మీది వాన నీటికి, కక్కూసు పైపుకు, సెప్టిక్ ట్యాంకు గాలి పైపుకు, వంటింటి పొగ గొట్టానికి అదే వాడారు. ఇళ్లలో వాడే ఈ పైపులకు ఐఎస్ 1626 అనే భారతీయ ప్రమాణమే ఉంది. ఇక రేకుల సంగతి చెప్పనక్కరలేదు. పక్కనే అరక్కోణంలో రాంకో వారి ఫ్యాక్టరీ, హైదరాబాదు నుంచి చార్మినార్ రేకులు. పెళ్లి పందిరి నుంచి పశువుల కొట్టం దాకా అన్నిటికీ అవే కప్పు.

నార కూడా కొంత మన తెలుగు నేల నుంచే వచ్చింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల ఆస్బెస్టాస్ గనులు నడిచాయి. 1986లో కేంద్రం కొత్త లీజులు ఇవ్వడం ఆపింది. గనులు వద్దన్నారు గానీ వాడకాన్ని పూర్తిగా నిషేధించలేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ దేశాల నుంచి దిగుమతి సాగింది. అరవైకి పైగా దేశాలు ఈ సరుకును పూర్తిగా మానేశాయి. మన దేశం ఆ జాబితాలో లేదు.

హాని ఎక్కడుంది

పైపులో ఉన్నది ఎక్కువ భాగం సిమెంటే, నార సుమారు పదో వంతు. గట్టిగా ఉన్నంత కాలం ఆ నార సిమెంటులోనే బంధించి ఉంటుంది. కోసినా, రంధ్రం వేసినా, పగలగొట్టినా, ఎండిన దుమ్మును ఊడ్చినా గాలిలోకి లేస్తుంది. కంటికి కనిపించనంత సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో దిగితే శరీరం వాటిని కరిగించలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు, ఆస్బెస్టోసిస్ అనే ఆయాసపు జబ్బు దీనివల్ల వస్తాయి. తెల్లది, నీలిది, గోధుమ రంగుది అన్న తేడా లేకుండా అన్ని రకాలూ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ జబ్బు బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పట్టవచ్చు. అందుకే 1995లో సుప్రీం కోర్టు, ఆస్బెస్టాస్ పరిశ్రమలో పనిచేసే ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అది, భద్రపరచాలని ఆదేశించింది. ఫ్యాక్టరీ కార్మికుడికి కాగితం మీదైనా ఆ రికార్డు ఉంది. మన ఇంటికి వచ్చి పైపు కోసిన కుర్రవాడికి ఏ రికార్డూ లేదు. అరవై దాటిన మనకంటే వాడికే ప్రమాదం ఎక్కువ. పని చేసినవారి బట్టలు ఉతికిన ఇంటి ఆడవారికి కూడా ఈ జబ్బులు వచ్చిన సంగతి విదేశాల్లో నమోదైంది.

అయితే భయపడి రేపే పీకించనక్కరలేదు. ఒక్కసారి కోస్తే జబ్బు వచ్చి తీరుతుందని కూడా కాదు. దుమ్ము ఎంత ఎక్కువ, ఎన్నిసార్లు అన్నదాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది. పగుళ్లు లేని పైపును గోడకు అలాగే ఉంచి, రంగు వేసి, మేకు కొట్టకుండా చూసుకోవడమే అన్నిటికన్నా మంచి పని.

తాగే నీరు ఏసీ పైపులో వస్తే ఏమిటని చాలామంది అడుగుతారు. నీటితో కడుపులోకి పోయే నార హాని చేస్తుందనడానికి నిలకడైన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందుకే తాగునీటికి హద్దు అంకె పెట్టలేదు. కొత్తగా మాత్రం ఇలాంటి పైపు వేయించవద్దు. నేలలో ఉన్నది మార్చాలంటే తవ్వి తీయనక్కరలేదు. పక్కన కొత్త పైపు వేసి, పాతదాని మూతులు మూసి మట్టిలోనే వదిలేయవచ్చు.

గుర్తు పట్టడం, తీయడం

అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది పోత ఇనుము, మన సమస్య కాదు. గోధుమ రంగులో నిగనిగలాడితే మట్టి పైపు. బూడిద రంగు, మందపాటి అంచు, ఒక చివర వెడల్పు మూతి, 1990కి ముందు కట్టిన ఇల్లు, ఇవన్నీ కలిస్తే ఆస్బెస్టాస్ అనే అనుకోవాలి. చూపుతో రూఢి చేయలేము, ల్యాబులోనే తెలుస్తుంది. అనుమానం ఉన్నంతవరకు ఉన్నట్టే లెక్క.

తీయక తప్పనప్పుడు ప్లంబరుకు ముందే చెప్పండి: కటింగ్ మిషను పెట్టవద్దు. బిగింపులు విప్పి, అతుకుల దగ్గర విడదీసి, నిలువు పైపును నిలువుగానే తాడుతో దించాలి. పై నుంచి పడేయకూడదు. పని మొదలు నుంచి చివరిదాకా నీళ్లలో కొంచెం సబ్బు కలిపి చిమ్ముతూ ఉండాలి. కోయక తప్పకపోతే తడిపి చేతి రంపంతో. చుట్టుకున్న తుండు గుడ్డ, నీలం రంగు మాస్కు దీనికి పనికిరావు, పి100 రకం వడపోత మాస్కు కావాలి. ఖర్చు మనదే, పనివాడిది కాదు. చీపురు వాడవద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా పైపు ముక్కలతోనే పారేయాలి.

2003లో వాన నీటి సేకరణ తప్పనిసరి అయినప్పుడు చాలా ఇళ్లలో పాత పైపునే మధ్యలో కోసి సంపుకు కలిపారు. ఆ కోసిన అంచు ఇప్పటికీ తెరిచే ఉంటే దానికి మందంగా రంగు పూయండి. రేకుల మీది పాచిని ఇనుప బ్రష్షుతో గీకవద్దు. రేకుల మీంచి దిగిన నీటిని మొక్కలకు వాడండి, తాగవద్దు.

అసలు తలనొప్పి, ముక్కలు ఎక్కడ వేయాలన్నది. పాత ఇనుము వాళ్లు తీసుకోరు. చెరువు గట్టు మీద, లేదా పునాది పూడ్చడానికి పోస్తున్నారు. ఈ రెండూ తప్పే. భోగి మంటలో వేస్తే వేడికి పేలి ముక్కలు ఎగిరిపడతాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు పారేసిన ఆస్బెస్టాస్‌ను ఆ పట్టికలో చేర్చాయి. అలాంటి వ్యర్థాలను పూడ్చే స్థలం మన జిల్లాలోనే, గుమ్మిడిపూండి సిప్కాట్‌లో ఉంది. కానీ ఒక ఇంటి నుంచి రెండు పైపులను అక్కడికి చేర్చే మార్గం సామాన్యుడికి సులువుగా లేదు. మందపాటి పాలిథీన్‌లో రెండు చుట్లు చుట్టి, టేపు వేసి, పైన పేరు రాసి, మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలి జిల్లా కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. గుమాస్తాగా చెబుతున్నాము: నోటిమాటకు ఫైలు కదలదు, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి. వీధిలో నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒకే అర్జీ పెడితే ఇంకా మంచిది. తమిళంలో రాయడానికి ఇబ్బందిగా ఉన్నవారు సంఘం గదికి రండి, మేము రాసిపెడతాము.

మా గది వెనుక రెండో పైపు ఇంకా గోడకే ఉంది. దానికి రెండు కోట్లు రంగు వేయించాము. మేకు కొట్టవద్దని పక్కన తెలుగులోనూ తమిళంలోనూ రాయించాము.