తుగ్యానీ సితంబర్, మన వాగులు

ఉర్దూ మీడియం బడిలో మాకు అంజద్ హైదరాబాదీ అంటే రుబాయీల ఉస్తాద్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఆయన అమ్మీని, బీవీని, బేటీని తీసుకుపోయిందని పెద్దయ్యాక గానీ నాకు తెలీలేదు. ఆ దుఃఖంతోనే 'ఖయామతే సుగ్రా' నజ్మ్ రాశాడాయన.

హైదరాబాదు బుజుర్గులు ఆ వరదను తుగ్యానీ సితంబర్ అనేవారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికిన కిస్సా అందరూ చెబుతారు. నాకు మాత్రం కిస్సా కంటే హిసాబ్ ముఖ్యం. మహబూబ్ అలీ ఖాన్ సర్కారు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీశారు: మూసీ ఎగువన 788 చెరువులుంటే 221 తెగాయి. నది ఒక్కటే చంపలేదన్నమాట. పై కుంట తెగి కింది చెరువు మీద పడింది, అది ఇంకోదాని మీద. ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) ఆ హిసాబ్ లోంచే పుట్టాయి.

మా కొత్తపల్లె వైపు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ. కొండ మీద కురిస్తే గంటల్లో వాగు దిగుతుంది. 2019 సెప్టెంబరులో మద్దిలేరు, కుందూ పొంగి నంద్యాల బస్తీల్లోకి, మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి. అది వానాకాలం, ఎంతో కొంత ఎదురుచూస్తాం. ఎండాకాలపు గాలివాన వేరే బాపతు. మధ్యాహ్నం మండిన గాలి పైకి లేచి మబ్బు కడుతుంది, సాయంత్రం ఒక్క గంటలో కుమ్మరిస్తుంది. తుఫానులా రోజుల ముందు ఖబర్ ఇవ్వదు. వాగు ఎండే ఉంది కదా అని మేకల దొడ్డి, గడ్డివామి అందులోనే పెట్టేస్తాం మనం!

అందుకే ఏప్రిల్లోనే చెరువు అలుగుకు అడ్డంపడ్డ ముళ్లకంప తీయించాలి. కట్టలో బొక్కలు, చెమ్మ కనబడితే సచివాలయంలో చెప్పాలి. ఆధార్, పాసుపుస్తకం, నికానామా ప్లాస్టిక్ సంచీలో కట్టి అటక మీద పెట్టండి. ఇంట్లోకి నీళ్లొచ్చేలా ఉంటే ముందే మెయిన్ ఆపండి. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే బైకు దింపొద్దు. చింతచెట్టు కిస్సా విన్న పిల్లలకు ఒక మాట చెప్పండి: ఉరుములప్పుడు చెట్టు కిందికి పోకూడదు.

రాత్రిపూట వాగొడ్డు ఇళ్లకు జల్దీ ఖబర్ అందేది మస్జిద్ మైకులోనే. గాలివానకు ముందు పోయేది కరెంటు. ఈ జుమాకు వెళ్లినప్పుడు ఆ మైకుకు బ్యాటరీ ఉందో లేదో మీ కమిటీవాళ్లను అడగండి.