కామాఠిపుర: ఒక పేరు పడిన పాట్లు

ఫ్రెంచి భాషలో 'బాన్‌ల్యూ' అను మాట కలదు. 'బాన్' అనగా ప్రభువు శాసనము; 'ల్యూ' అనగా మన కోసు వంటి దూరపు కొలత. నగరము చుట్టును ఆ శాసనము చెల్లు మేర యని తొలి యర్థము. వెలివేయబడినవారి చోటని కొందరు చెప్పు వ్యుత్పత్తి సరికాదు. అయినను పారిస్ పొలిమేరలలో వలస కుటుంబములుండు పెద్ద మేడలను ఆ పేరుతో పిలుచునపుడు వెలివేత ధ్వనియే వినవచ్చును. 2005 నాటి అల్లర్ల పిదప అది మరింత హెచ్చినది. అచటివారిని 'బాన్‌ల్యూజార్' అందురు. పేట పేరే మనిషికి ముద్ర యైనది.

మన కామాఠిపురలో క్రమము తలక్రిందు. అచట మనుష్యుల పేరే పేటకు వచ్చినది. కామాఠీ యనునది కులము కాదు. నిజాము రాజ్యమునుండి కూలికై వచ్చిన పలు కులముల తెలుగువారిని బొంబాయివారు పిలిచిన పేరది. దానిని మన 'కమతము'తో ముడిపెట్టువారును కలరు. 1784 ప్రాంతమున హార్న్‌బీ కట్ట ముగిసి పల్లపు నేలలు వెలువడగా, 1795 మొదలు వీరచట స్థిరపడిరి. రాయి మోసిరి, గోడలు లేపిరి, కొందరు కంట్రాక్టరులైరి. జోతీరావు ఫూలే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలచిన వ్యంకూ బాళాజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు అట్టి తెలుగు కంట్రాక్టరులే. ఈ సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును?

తెలియునది వేరొకటి. బ్రిటిషువారి కాలమున ఐరోపా స్త్రీలనుంచిన శుక్లాజీ వీథికి 'సఫేద్ గల్లీ' యని పేరు వచ్చెను. ఆ వ్యాపారము కొన్ని వీథులలోనిది. అపకీర్తి మాత్రము అన్ని వీథులకును ప్రాకినది. బీడీలు చుట్టి, మిల్లులలో నేసి పిల్లలను చదివించిన చాళ్ల కుటుంబములును దానిని మోయవలసివచ్చినది. వియ్యము మాటలాడునపుడు 'ముంబయి సెంట్రల్' అని చెప్పి ఊరకుండువారు కలరు. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

2022 ఫిబ్రవరిలో 'గంగూబాయి కాఠియావాడీ' చిత్రమునుండి ఈ పేరు తొలగింపుమని పేటవారు బొంబాయి హైకోర్టు నాశ్రయించిరి. న్యాయస్థానము త్రోసిపుచ్చెను. వారి బాధ న్యాయమైనదే. అయితే నా మట్టుకు, కాళేవార్ పేరును పాఠ్యపుస్తకమున చేర్పుమని కోరియుండిన మరింత బాగుండెడిది. ఇపుడా పాత చాళ్లను పడగొట్టి క్రొత్త మేడలు లేపు ప్రణాళిక యొకటి నడచుచున్నది. ఆ మేడల ద్వారముపై ఏ పేరు వ్రాయుదురో చూడవలె.