రైలుబండిలో తరగతులు



మంత్రాలయమునకు రైలుమీద పోవువారు పూర్వము తుంగభద్ర యను స్టేషనులో దిగెడివారు. ఇప్పుడు దానిపేరు మంత్రాలయం రోడ్డు. ఇటీవల నేనచ్చట బండికై వేచియుండి ఒక వింత గమనించితిని. రాఘవేంద్రస్వామివారి బృందావనమును దర్శించి వచ్చిన జనము, బండి కనబడగానే, ఎవరును చెప్పకయే చీలిపోయెను. కొందరు ఏ.సీ. పెట్టెలవైపు నెమ్మదిగా నడచిరి. కొందరు స్లీపరు పెట్టెలకడకు పోయిరి. మూటలు నెత్తికెత్తుకొన్నవారు బండి కొనలయందలి జనరలు పెట్టెలకై పరుగెత్తిరి. ఒకే రేవున స్నానమాడినవారిని ఇట్లు విడదీసిన దెవరు?

వర్తకుడు కొనువారి నందరిని ఒకే కంట చూడడు. ఏ యూరి బట్టల అంగడికి పోయినను పెండ్లి చీరలొకచోట, పనిపాటలకు కట్టుకొను చీరలొకచోట నుండును. అవసరమునుబట్టి, తాహతునుబట్టి కొనువారిని వర్గములుగా విభజించుట వ్యాపారనీతిలో పాతదే. అమెరికాలో వెండెల్ స్మిత్ అను నతడు 1956లో దీనిని శాస్త్రరీతిని చర్చించెను. కాని రైల్వేలవారు అంతకు శతాబ్దము పూర్వమే ఈ విద్యలో ఆరితేరియుండిరి.

స్వామివారు 1671లో బృందావనస్థులైరి. సరిగా రెండువందల యేండ్లకు, 1871లో, మదరాసునుండి కడప, గుంతకల్లు, ఆదవానిమీదుగా వచ్చిన ఇనుపదారి తుంగభద్రను దాటి రాయచూరులో బొంబాయిదారితో కలసెను. దారి ఒక్కటే, ఇంజను ఒక్కటే, చేరు వేళయు ఒక్కటే. అయినను టిక్కెట్టు పలువిధములు: ఒకటవ తరగతి, రెండవ తరగతి, కొన్ని బండ్లలో ఇంటరు, ఆపైన మూడవ తరగతి.

ఈ తరగతుల గుట్టును ఫ్రాన్సుదేశపు ఇంజనీరు జూల్ ద్యుపుయి 1849లోనే బయటపెట్టెను. ఆ దేశమున మూడవ తరగతి పెట్టెలు కొన్నింటికి పైకప్పు లేదు. కప్పు వేయుటకు సొమ్ము చాలక కాదు. పేదలపై పగయును కాదు. కప్పు వేసినచో రెండవ తరగతి రుసుము చెల్లింపగలవారును మూడవదానిలో నెక్కుదురని భయము! ధనికుని బెదరించుటకై పేదవానిని వానలో తడిపిరన్నమాట.

మనదేశమున నేమి జరిగినది? 1917లో గాంధీమహాత్ముడు మూడవ తరగతి టిక్కెట్టు కొని బొంబాయినుండి మదరాసుకు ఈ దారినే పోయెను. టిక్కెట్టు వెల 13 రూపాయల 9 అణాలు. పెట్టెలో 22 మందికి చోటు. రాయచూరు దాటినపిదప రద్దీ భరింపరానిదయ్యెనని ఆయన వ్రాసెను. రాయచూరు దాటిన బండి వచ్చునది మన తుంగభద్రకే గదా! రైలు ఉద్యోగులు వచ్చుటెల్ల మరికొందరిని లోపలికి నెట్టుటకే. ఒకటవ తరగతి వెల మూడవదానికి ఐదింతలకు మించియుండగా, మూడవ తరగతివానికి ఆ సుఖములో పదియవ వంతైనను దక్కుచున్నదా యని ఆయన యడిగెను.

మన రైల్వేలవారు ద్యుపుయి చెప్పిన యెత్తుతోనే ఇట్లు చేసిరని నేను నిందింపను. అయితే ఒకటి నిజము. ప్రయాణికులలో అత్యధికులు మూడవ తరగతివారే. వారికి పై తరగతికి పోవు శక్తి లేదు, వేరొక బండియు లేదు. విడిచిపోలేని బేరగానిని బతిమాలు వర్తకు డరుదు.

కావున విభజన యంతయు దోషమనరాదు. ఎక్కువ యిచ్చినవానికి మెత్తని పరుపు వేయుట వ్యాపారము. తక్కువ యిచ్చినవానికి కూర్చుండు చోటైనను లేకుండ జేయుట అన్యాయము. ఈ రెంటికి నడుమ గీత గీయుటయే అసలు పని.

1974లో మూడవ తరగతి యను పేరు మనదేశమున రద్దయ్యెను. పేరు పోయినది. నేను చూచిన యా సాయంకాలము, మూట నెత్తినున్న యొక ముసలమ్మ జనరలు పెట్టె మెట్టుమీద ఒంటికాలితో నిలిచియుండగానే బండి కదలెను. లోపలినుండి యెవరో చేయి యందించిరి. ఆ చేయి యేలిక వేసిన తరగతులలో లేదు, టిక్కెట్టు కొన్నవారిలోనిదే.