నరికిన చోటే నిలబెట్టారు

పాదం నడిమి ఎముకల శస్త్రచికిత్స చరిత్ర పాదాన్ని నరకడంతో మొదలైంది. నడిమి ఎముకలూ, వేళ్ల వెనక పొడవాటి ఎముకలూ కలిసే కీళ్ల వరుస వెంట పాదం ముందు భాగాన్ని తీసేసే పద్ధతిని 1815లో ఫ్రెంచి సర్జన్ జాక్ లిస్‌ఫ్రాంక్ వివరించాడు. మత్తుమందు లేని రోజులవి. కత్తి ఎంత చురుగ్గా కదిలితే రోగికి అంత మేలు. నిమిషంలోపే ముగిస్తాడని ఆయనకు పేరు. రికాబులో పాదం ఇరుక్కుని గుర్రం మీంచి పడ్డ సైనికులకు ఈ కీళ్లు చెదిరిపోయేవి. నెత్తురు అందక పాదం కుళ్లితే, దాన్ని తీసేస్తేనే ప్రాణం దక్కేది. అందుకని ఆయన్ను క్రూరుడనలేం. ఆ కీళ్లకూ, అక్కడి గాయాలకూ ఆయన పేరే నిలిచిపోయింది.

ఈ చోటు నిర్మాణం తెలిస్తేనే తర్వాతి కథ అర్థమవుతుంది. రెండో వేలి వెనకున్న పొడవాటి ఎముక మొదలు, కమాను నడినెత్తిన రాయిలా, మూడు చిన్న ఎముకల మధ్య బిగిసి ఉంటుంది. మొదటి రెండు పొడవాటి ఎముకల మొదళ్లను నేరుగా కలిపే లిగమెంటు లేదు. ఆ పని ఏటవాలుగా సాగే లిస్‌ఫ్రాంక్ లిగమెంటుదే. అది తెగితే అడుగు మోపినప్పుడల్లా ఒంటి బరువు ఆ సందును తెరుస్తుంది.

1895లో ఎక్స్‌రే వచ్చింది. 1909లో కెన్యూ, క్యూస్ అనే సర్జన్లు ఈ గాయాలను ఎముకలు జరిగిన తీరునుబట్టి మూడు రకాలుగా విభజించారు. అయినా చేత్తో సరిచేసి పిండికట్టు వేయడమే చాలాకాలం సాగింది. వాపు తగ్గగానే కట్టు లోపలే ఎముకలు మళ్లీ జారేవి. సన్నటి తీగలతో బిగించడం, ఆ తర్వాత, ముఖ్యంగా 1980లలో, పాదం తెరిచి స్క్రూలు వేయడం ఇందుకే పెరిగాయి. 48 మందిని పరిశీలించి 2000లో వెలువడిన అధ్యయనం, ఎముకలు కచ్చితంగా పాత స్థానంలో కూర్చున్నవారికి తర్వాత కీళ్లరుగుడు తక్కువని చూపింది. నా దృష్టిలో ఈ చరిత్రంతటికీ గుండెకాయ ఇదే.

లిగమెంట్లే తెగినప్పుడు స్క్రూలు సరిపోతాయా? 2006లో లై, కుట్సీ 41 మందితో చేసిన అధ్యయనంలో, ఆ కీళ్లలో బొటనవేలి వైపువాటిని మొదట్లోనే అతికించేసినవారే మెరుగ్గా కోలుకున్నారు. అక్కడ కదలిక సహజంగానే తక్కువ కాబట్టి అతికించినా పెద్ద నష్టం లేదు. అయితే తర్వాతి అధ్యయనాలన్నీ అంత తేడా చూపలేదు. ఆ చర్చ ఇంకా తెగలేదు.

ఈ గాయాల్లో దాదాపు ఐదోవంతు మొదటిసారి బెణుకు కింద జమైపోతాయని వైద్యగ్రంథాలు చెబుతాయి. పాదం మెలిపడ్డాక అరికాలు నడుమ నీలంగా కమిలినా, అడుగు మోపలేకపోయినా బెణుకేలే అని ఊరుకోకండి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే బాగానే కనబడినా, పాదం మీద బరువు మోపించి మరొకటి తీయమని అడగండి.