కుండ మీది రంగు

పూలకుండీకి రంగు వేసి వాకిట నిలుపుకోవడం నేటి ముచ్చటగా చాలమందికి తోచవచ్చును. కాని కాల్చిన మట్టిపై ఇంటివారు రంగులు దిద్దుకోవడం మన దేశంలో ఎంతో పాత అలవాటు. ఆ అలవాటుకు చరిత్ర వ్రాయబోయేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కుమ్మరి వేసిన రంగుకు సాక్ష్యం దొరుకుతుంది. ఇల్లాలు వేసిన రంగుకు దొరకదు. ఈ భేదానికి కారణం నిప్పు.

కుండకు రంగు రెండు విధాలుగా వేయవచ్చును. పచ్చికుండ ఆరిన తరువాత, ఆవంలో పెట్టకముందు వేసేది ఒకటి. కాలి చల్లారిన కుండపై వేసేది రెండవది. మొదటి పద్ధతిలో రంగుమన్ను కుండతోపాటు కాలి దానిలో భాగమైపోతుంది. వానకు కరగదు, మట్టిలో పూడినా చెడదు. సింధులోయలోని హరప్పా, మొహంజొదారో నగరాలలో ఎర్రని పాత్రలపై నల్లగా దిద్దిన రావి ఆకులు, నెమళ్ళు నాలుగువేల ఏండ్లు గడచినా కంటికి స్పష్టంగా కనబడడం ఇందువల్లనే. కర్నూలు సీమలోని పాతపాడులో కూడ చరిత్రపూర్వకాలపు చిత్రిత పాత్రలు దొరికినవి.

1947లో మార్టిమర్ వీలర్ కన్నడదేశంలోని బ్రహ్మగిరిలో త్రవ్వకాలు జరిపినప్పుడు శాతవాహనుల కాలపు పొరలలో ఒక తరహా పాత్రలు బయటపడినవి. తెల్లని సుద్దమన్నుతో గీతలు, చుక్కలు, అల్లికలు దిద్ది, పైన కావిరంగు పూత పూసి కాల్చినవి అవి. వాటికి ఆంధ్ర పాత్రలనే పేరు కూడ కొంతకాలం వాడుకలో ఉండేది. ఆ చుక్కలను, అడ్డగీతలను చూచినవారికి వాకిటి ముగ్గు గుర్తుకు రాకపోదు. అయినా అవి ఆవానికి ముందు వేసినవి, కనుకనే నిలిచినవి.

ఇక రెండవ పద్ధతి మన ఇండ్లది. పెండ్లిలో మేళతాళాలతో కుమ్మరి ఇంటినుండి తెచ్చే ఐరేని కుండలకు రంగులు ఉంటవి. ఆషాఢమాసంలో తెలంగాణపు స్త్రీలు బోనపు కుండను సున్నముతోను, పసుపు కుంకుమలతోను తీర్చి, వేపమండలు కట్టి, పైన దీపముంచి తలకెత్తుకొంటారు. పెరటి తులసికోటకు సున్నము కొట్టి ఎర్రమన్నుతో పట్టెలు తీర్చడం ఎరుగని ఊరు లేదు. మొక్కను నాటిన మట్టికి రంగు దిద్దడం మన ఇండ్లకు క్రొత్త కాదనడానికి తులసికోట ఒక్కటే చాలును.

ఈ రంగుల వెనుక ఇంటి అనుభవం ఉన్నది. తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. ఎర్రమన్నుకు రంగునిచ్చేది ఇనుపతుప్పు జాతి పదార్థం. ఎండకు అది వెలవెలబోదు. పసుపులో సున్నము కలిపితే ఎరుపు పుడుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసును.

అయితే నిప్పు సోకని ఈ పూతలు నాలుగు వానలకు చెదరిపోతవి. బోనపు కుండ మీది చుక్కలు ఏడాదికే మాసిపోతవి. వెయ్యేండ్ల తరువాత త్రవ్వేవానికి దొరికేది వట్టి కుండపెంకు. అందుచేత మృణ్మయ చిత్రకళా చరిత్రలో కుమ్మరికి దక్కిన చోటు గృహిణికి దక్కలేదు. ఆమె కళకు ప్రదర్శనశాల ఏమిటంటే, తల్లి వేసినదానిని చూచి మరుసటి ఏడు కూతురు వేయడమే. ఒక తరం మానివేసినచో, అటువంటిదొకటి ఉండేదని చెప్పడానికి పెంకైనా మిగలదు.

పూలకుండీకి రంగు వేయదలచినవారు ఇంకొక సంగతి గమనించవలెను. మట్టికుండీ గోడలలో సన్నని రంధ్రాలుంటవి. వాటిగుండా నీరు ఆవిరై వేళ్ళను చల్లబరుస్తుంది. నూనెరంగు దట్టంగా పూస్తే ఆ రంధ్రాలు మూసుకొనిపోతవి. మట్టి త్వరగా ఆరదు, నీరు ఎక్కువైతే వేళ్ళు కుళ్ళే ప్రమాదమున్నది. పలుచని సున్నపు పూత, ఎర్రమన్ను పట్టె ఆ దారిని అంతగా అడ్డవు. వాటిని ఏటేటా మరల వేయవలసి వస్తుందనే మాట నిజమే. ఆ పనికి ఇంటిలోని పిల్లలను కూడ పిలిచి, ఒక కుండీని వారి చేతికి అప్పగించడం మంచిది.