నల్లజాతి కళాశాలల అధ్యాపకులకు మానవీయ శాస్త్రాల పరిశోధన గ్రాంట్లు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చారిత్రకంగా నల్లజాతీయుల కొరకు ఏర్పడిన కళాశాలలలో చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాలను బోధించే అధ్యాపకులకు పరిశోధన నిమిత్తం ఇచ్చే ఆర్థిక సహాయాలను ఈ పేరుతో వ్యవహరిస్తారు.

నేపథ్యం

1964కు ముందు, ప్రధానంగా నల్లజాతీయుల విద్య కొరకు స్థాపింపబడిన సంస్థలను ఈ కోవలో చేర్చారు. హోవార్డ్, ఫిస్క్, టస్కెగీ విశ్వవిద్యాలయాలు ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి కళాశాలలు చాలావాటికి మూలనిధి తక్కువ. అధ్యాపకులకు బోధనాభారం ఎక్కువ. గ్రంథం వ్రాయగల పాండిత్యం ఉన్నా వ్రాయుటకు తీరిక చిక్కదు. పూర్వం రోజెన్వాల్డ్ నిధి 1928 నుండి 1948 వరకు నల్లజాతి రచయితలకు, పండితులకు ఫెలోషిప్‌లు ఇచ్చింది. చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ వాటిని పొందినవారిలో ఒకరు.

ఎన్.ఇ.హెచ్. పథకం

1965లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ జాతీయ మానవీయ శాస్త్రాల నిధి (ఎన్.ఇ.హెచ్.) ఈ అధ్యాపకుల కొరకు ప్రత్యేక పథకాన్ని నడిపింది. 2020వ దశకం తొలి సంవత్సరాలలో నెలకు 5,000 డాలర్ల చొప్పున, గరిష్ఠంగా 12 నెలలకు 60,000 డాలర్లు ఇచ్చేవారు. ఈ సొమ్ము జీతానికి బదులుగా ఉపకరించుట వలన అధ్యాపకుడు తరగతులకు విరామమిచ్చి, పురాలేఖాగారాలను దర్శించి, రచన సాగించగలిగేవాడు.

2025 ఏప్రిల్‌లో ఎన్.ఇ.హెచ్., అప్పటికే మంజూరైన వెయ్యికి పైగా వివిధ గ్రాంట్లను రద్దు చేసింది. సొంత నిధులు లేని చిన్న కళాశాలలలో ఇటువంటి సహాయం ఆగినచో, మొదలుపెట్టిన పరిశోధన సగంలోనే నిలిచిపోయే ప్రమాదమున్నది.