చేతిలో పట్టా, ఆన్‌లైన్‌లో ఎవరి పేరు?

ఇంట్లో డీ-ఫారం పట్టా ఉంటుంది. సాగులో భూమీ ఉంటుంది. ఆన్‌లైన్‌లో మాత్రం అదే సర్వే నంబరు ఎదుట ‘ప్రభుత్వ భూమి’ అనో, మరొకరి పేరో కనిపిస్తుంది. బ్యాంకు రుణమైనా, పెట్టుబడి సాయమైనా ఇప్పుడు ఆన్‌లైన్ రికార్డు చూసే ఇస్తున్నారు. అందుకే అసైన్డ్ భూమి ఉన్న దళిత కుటుంబాలు కాగితాన్నీ ఆన్‌లైన్‌నూ సరిచూసుకోవాలి.

ఏం సరిచూడాలి?

పట్టాలోని గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి లేదా భర్త పేరు రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ‘మీభూమి’లోని అడంగల్, 1-బీలతో, తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన ‘భూభారతి’తో పోల్చండి.

తేడా ఎక్కడొస్తుంది?

ఒకే సర్వే నంబరును పదిమందికి పంచి, సబ్ డివిజన్ చేయకపోతే కొందరి పేర్లు ఎక్కవు. పట్టాదారు చనిపోయాక విరాసత్ చేయించకపోయినా అంతే. 22-ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందంటే పట్టా రద్దయిందని కాదు. ఆ జాబితా రిజిస్ట్రేషన్లను ఆపడానికి మాత్రమే.

పట్టా పోతే?

అసైన్‌మెంట్ రిజిస్టరు, పట్టా ఇచ్చిన ఫైలు, పాత అడంగల్ లేదా పహాణీల నకళ్లను సమాచార హక్కు చట్టం, 2005 కింద తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ఆ నకళ్లు జతచేసి సవరణకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి.

రికార్డు మార్చేస్తే?

ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగుచేయడం అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 3(1)(ఎఫ్) కింద నేరం. ఆ భూమికి దొంగ రికార్డులు సృష్టించడం కూడా ఇక్కడ ‘అక్రమం’ కిందికే వస్తుందని చట్టం వివరణలోనే ఉంది. నిందితులు ఎస్సీ, ఎస్టీయేతరులైతేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది. మార్పుకు ముందూ తర్వాతా తీసిన ఆన్‌లైన్ ప్రింట్లు, వాటి మీద తేదీలు ఫిర్యాదుకు బలమిస్తాయి.

పేరు ఎక్కిందని పాత పట్టాను పారేయొద్దు. రేపు ఆన్‌లైన్‌లో పేరు మళ్లీ మారితే, అడగడానికి చేతిలో ఉండే ఆధారం అదే.